సౌత్‌బెండ్ బాకీ

కెనెడీని కాల్చి చంపి పదిహేడు రోజులయింది. దేశమంతా ఇంకా ఆ దిగులులోనే ఉంది. 1963 డిసెంబరు 9, సోమవారం. ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్ పట్టణానికి మాత్రం ఆ రోజు సొంత చావు కబురు ఒకటి వచ్చింది. స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. కంపెనీ నోరు విప్పకముందే వార్త ఊరంతా పాకిపోయింది. క్రిస్మస్‌కి పదహారు రోజులుంది. సుమారు ఏడు వేల మంది ఉద్యోగాలు పోతున్నాయి.

అలా పోతున్నవాళ్ళలో ఒక మనిషిని చూద్దాం. ఇతనికి పేరు లేదు. వయసు 52. సర్వీసు 23 ఏళ్ళు. ఈ రెండు అంకెలూ కల్పన కాదు. పింఛను లెక్కల్లో ఒక వర్గం కింద తేలిన దాదాపు నాలుగు వేల మంది వయసులనూ సర్వీసులనూ కలిపి సగటు తీస్తే వచ్చే మనిషి ఇతను. ముప్ఫై నిండకముందే గేటు లోపలికి అడుగుపెట్టాడు. ఇప్పుడు యాభై దాటాక బయటికి వస్తున్నాడు. ఈ వయసులో కొత్తగా పని ఇచ్చేవాడు దొరకడు. పింఛను ఉంది కదా అనే ధైర్యం ఒక్కటే మిగిలింది. ఆ పింఛను ఏమైందో చెప్పాలంటే 111 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1852 ఫిబ్రవరి. హెన్రీ, క్లెమ్ అనే ఇద్దరు అన్నదమ్ములు సౌత్‌బెండ్‌లో కమ్మరి దుకాణం పెట్టారు. పెట్టుబడి 68 డాలర్లు, రెండు కొలుముల సామాను. వాళ్ళ తండ్రి జాన్ స్టూడ్‌బేకర్ కూడా కమ్మరే, బండ్లు చేసేవాడు. వాళ్ళది డంకర్డ్ అనే నిష్ఠ గల క్రైస్తవ శాఖ. యుద్ధం తప్పు, ఆడంబరం తప్పు. తండ్రి తన దుకాణం మీద ఒక బైబిల్ మాట రాయించుకున్నాడు. మనిషి మనిషికి బాకీ పడవలసింది ప్రేమ ఒక్కటేనని దాని సారాంశం. మంచివాడే గాని వ్యాపారం అచ్చిరాలేదు, అప్పులపాలయ్యాడు. అప్పంటే ఏమిటో పిల్లలకు బోర్డు చూసి కాక ఇల్లు చూసి తెలిసింది.

అయిదుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు జాన్ మోలర్. అందరూ జె.ఎం. అనేవారు. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతున్న కాలం అది. 1853లో అతనూ బయలుదేరాడు. బండ్ల బిడారుతో పాటు అయిదు నెలల ప్రయాణం. ఆగస్టులో ప్లాసర్‌విల్ చేరేసరికి జేబులో 50 సెంట్లు ఉన్నాయి. దిగీ దిగగానే గుంపులోంచి ఒకాయన వచ్చి మీలో బండి పనివాడు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. హిండ్స్ అనే కమ్మరి ఆయన. అందరూ ఈ కుర్రాణ్ణి చూపించారు. పని చేస్తావా అంటే, నేను బంగారం తవ్వడానికి వచ్చానన్నాడు జె.ఎం. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన కలగజేసుకుని, బంగారం ఎక్కడికీ పోదు, ముందు ఈ పనిలో చేరమని నచ్చజెప్పాడు.

పనేమిటంటే గనుల్లో మట్టి తోలుకునే ఒంటిచక్రం తోపుడుబండ్లు చేయడం. ఒక్కోదానికి పది డాలర్లు. మొదటి బండి చేసి హిండ్స్ ముందు పెడితే చక్రం వంకరగా తిరిగింది. ఇదేమిటని ఆయన అడిగాడు, తోపుడుబండి అని కుర్రాడు ధైర్యంగా జవాబిచ్చాడు. ఈ ముచ్చట ఎవరో కట్టింది కాదు. అరవై ఏళ్ళ తర్వాత, 1912లో, కోటీశ్వరుడై ప్లాసర్‌విల్‌కి తిరిగి వెళ్ళినప్పుడు పాత నేస్తాల మధ్య జె.ఎం. స్వయంగా చెప్పుకున్నదే. ఊళ్ళో అందరూ అతన్ని తోపుడుబండి జానీ అనేవారు. బంగారం తవ్వినవాళ్ళలో ఎందరో ఉత్త చేతులతో ఇళ్ళకు పోయారు. వాళ్ళకు బండ్లు చేసి అమ్మినవాడు అయిదేళ్ళలో 8,000 డాలర్లు కూడబెట్టాడు.

1858లో జె.ఎం. ఆ డబ్బుతో ఇంటికొచ్చాడు. అప్పటికే సౌత్‌బెండ్ దుకాణానికి సైన్యం బండ్ల ఆర్డర్లు రావడం మొదలైంది. పెద్దన్న హెన్రీకి మనసొప్పలేదు. యుద్ధానికి బండ్లు చేయడం మన మతానికి సరిపడదన్నాడు. తమ్ముడు అన్న వాటా కొనేశాడు, హెన్రీ వ్యవసాయానికి వెళ్ళిపోయాడు. మూడేళ్ళు తిరక్కుండానే అంతర్యుద్ధం వచ్చింది, ఉత్తరాది సైన్యానికి స్టూడ్‌బేకర్ బండ్లు వందల కొద్దీ వెళ్ళాయి. ఆ కుటుంబం సంపదకు పునాది అక్కడ పడింది. హెన్రీ పేరు మాత్రం కంపెనీ చరిత్రలో ఒక పక్క పేరాకి పరిమితమైపోయింది.

1872లో ఒకసారి, 1874లో మరోసారి ఫ్యాక్టరీ తగలబడింది. రెండుసార్లూ మళ్ళీ కట్టారు. ప్రపంచంలో గుర్రపు బండ్లు చేసేవాళ్ళలో తామే పెద్ద అని చెప్పుకునే స్థితికి చేరారు. 1889లో అధ్యక్షుడు హారిసన్ శ్వేతసౌధానికి వీళ్ళ దగ్గరే బగ్గీలు చేయించుకున్నాడు. లింకన్ హత్య జరిగిన రాత్రి నాటకశాలకు వెళ్ళిన బగ్గీని కూడా స్టూడ్‌బేకర్లు కొని దాచారు, అది ఇప్పటికీ సౌత్‌బెండ్ మ్యూజియంలో ఉంది.

తర్వాత కార్లు. 1902లో తీసిన మొదటి కార్లు బ్యాటరీవి. రెండో కారు కొన్నది థామస్ ఎడిసన్. 1904 నుంచి పెట్రోలు కార్లు. 1911లో ఇ.ఎం.ఎఫ్. అనే డెట్రాయిట్ కంపెనీని కలిపేసుకున్నారు. కమ్మరి కొలిమిలో పుట్టి, గుర్రం పోయి ఇంజను వచ్చిన తర్వాత కూడా నిలిచిన పెద్ద అమెరికన్ బండ్ల కంపెనీ ఇదొక్కటే. 1917లో జె.ఎం. పోయాడు. అయిదుగురిలో ఆఖరివాడు ఆయనే. ఆయనతోపాటే తండ్రి బోర్డు మీది మాట కూడా పోయిందని నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే ఆల్బర్ట్ ఎర్‌స్కిన్ వచ్చాడు. 1915లోనే కంపెనీ అధ్యక్షుడయ్యాడు. గొప్ప ఆశావాది. తన పేరు మీద ఎర్‌స్కిన్ అని ఒక కారు తీశాడు. 1928లో పియర్స్ యారో అనే రాజఠీవి కార్ల కంపెనీని కొన్నాడు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలితే ఇది నాలుగు రోజుల ముచ్చట, సర్దుకుంటుందన్నాడు. 1930లో కంపెనీకి వచ్చిన లాభం కన్నా అయిదింతలు వాటాదార్లకు డివిడెండ్‌గా పంచాడు. మన పెద్దవాళ్ళు దీన్నే అప్పు చేసి పప్పుకూడు అంటారు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ నూట్ రాక్‌నీ ఆ ఊరికి దేవుడు. 1931 మార్చిలో విమాన ప్రమాదంలో ఆయన పోతే ఆయన పేరు మీద ఎర్‌స్కిన్ ఒక చవక కారు తీశాడు. అదీ పోయింది. 1933 మార్చిలో కంపెనీ కోర్టు రిసీవర్ల చేతికి వెళ్ళింది. అదే ఏడాది జులై 1న ఎర్‌స్కిన్ తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నాడు. పీకల దాకా సొంత అప్పులు కూడా ఉన్నాయి.

అక్కడితో అంతా అయిపోవాలి. కాలేదు. పాల్ హాఫ్‌మన్, హెరాల్డ్ వాన్స్ అనే ఇద్దరు ఫ్యాక్టరీని నడుపుతూనే అప్పుల్లోంచి గట్టెక్కించారు. 1939లో ఛాంపియన్ అనే తేలిక కారు వచ్చింది, మైలేజీకి పేరు తెచ్చుకుంది. కార్లను పరీక్షించే మైదానంలో స్టూడ్‌బేకర్ అనే పేరును అక్షరం అక్షరంగా అయిదు వేల పైన్ చెట్లతో నాటారు. విమానంలోంచి చూస్తే చదవగలిగేంత పెద్ద అక్షరాలు.

మన 23 ఏళ్ళ సర్వీసు మనిషి చేరింది దాదాపు ఈ రోజుల్లోనే. చేరీ చేరగానే యుద్ధం. లైను మీద కార్లకు బదులు ఆరు చక్రాల సైనిక ట్రక్కులు వచ్చాయి. దాదాపు రెండు లక్షల ట్రక్కులు చేశారు, వాటిలో చాలా భాగం సోవియట్ రష్యాకు పోయింది. కత్యూషా రాకెట్లను రష్యన్లు ఈ ట్రక్కుల మీదే బిగించుకుని జర్మన్ల మీదికి వదిలారు. బాంబర్ విమానాల ఇంజన్లూ సౌత్‌బెండ్‌లో తయారయ్యాయి. హెన్రీ బతికుంటే ఏమనేవాడో!

యుద్ధం ముగిశాక పెద్ద కంపెనీలన్నీ పాత అచ్చుల్లోంచే కార్లు తీస్తుంటే, 1947 మోడల్‌గా పూర్తి కొత్త కారు తెచ్చింది స్టూడ్‌బేకరే. వెనక అద్దం ముందు అద్దమంత ఉండేసరికి, ఈ కారు వస్తోందా పోతోందా అని జనం నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే కొన్నారు. 1950లో అమ్మకాలు మూడు లక్షలు దాటాయి. మన దేశంలోనూ ఆ పేరు వినపడింది. తర్వాత అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ తొలి రోజుల్లో స్టూడ్‌బేకర్ బండ్లను బిగించి అమ్మింది.

అవి పట్టిందల్లా బంగారమైన రోజులు. పోలండ్ నుంచి, హంగరీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉండేవి. తండ్రి పనిచేసిన షాపులోకి కొడుకు వచ్చేవాడు. కంపెనీ పత్రికల్లో ప్రకటనలు కూడా అలాగే వేసేది: ఒక తండ్రి, ఒక కొడుకు, ఇద్దరూ స్టూడ్‌బేకర్ పనివాళ్ళు. సమ్మెలు పెద్దగా లేవు. లేకపోవడానికి కారణం ఉంది. యూనియన్ అడిగితే కంపెనీ ఇచ్చేది. జీతాలు డెట్రాయిట్ కన్నా ఎక్కువ. అమ్మకాలు బాగున్నన్నాళ్ళు లైను ఆగకపోతే చాలు, లెక్కలు ఎవరు చూస్తారు? 1948లో హాఫ్‌మన్ యూరప్‌ను నిలబెట్టే మార్షల్ ప్లాన్ నడపడానికి వాషింగ్టన్ వెళ్ళిపోయాడు. వాన్స్ మిగిలాడు.

1950లో పింఛను వచ్చింది. మన కథలోని అసలు బాకీ అక్కడ మొదలైంది.

ఆ పథకం ఎలా నడిచేదో కాస్త చూడాలి. 1950కి ముందు చేసిన సర్వీసుకి కూడా పింఛను లెక్క కడతామన్నారు. కార్మికుడికి అది న్యాయమే. కాని ఆ పాత ఏళ్ళకు ఒక్క డాలరూ పక్కన పెట్టిలేదు. అంటే పథకం పుట్టిన రోజునే నిధి లోటులో ఉంది. ఆ లోటును 30 ఏళ్ళలో వాయిదాల మీద పూడుస్తామని కంపెనీ ఒప్పుకుంది. సరే, 1980కి పూడుతుంది. అయితే 50ల్లోనే కాదు 60ల మొదట్లో కూడా పింఛను పెంచుకుంటూ పోయారు. పెంచిన ప్రతిసారీ కొత్త లోటు, దానికి కొత్త వాయిదా. జీతం పెంచితే ఈ నెలే డబ్బు కావాలి, పింఛను పెంచితే మాట ఇస్తే చాలు. యాజమాన్యానికి అది సులువు. సభ్యుల ముందు చూపించుకోవడానికి యూనియన్‌కూ బాగుంటుంది. ఒప్పందంలో ఒక చిన్న షరతు కూడా ఉంది: నిధిలో ఎంత ఉంటే అంతవరకే, అంతకు మించి కంపెనీకి పూచీ లేదు. యూనియన్ నాయకులకు ఇది తెలియక కాదు. లోపలి లోటు గురించి వాళ్ళకూ బెంగ ఉండేది. లైను మీద బోల్టులు బిగించేవాడికి మాత్రం, రిటైరైతే నెలకింత వస్తుందన్న కాగితం ఒక్కటే తెలుసు.

ఇక 1953. డిజైనర్ రేమండ్ లోవీ స్టూడియోలో రాబర్ట్ బోర్క్ గీసిన కూపే. అమెరికాలో పుట్టిన అందమైన కార్ల జాబితా ఎవరు రాసినా అందులో ఉంటుంది. కంపెనీ అంచనా ఏమిటంటే జనం కుటుంబాలకు పనికొచ్చే నాలుగు తలుపుల సెడాన్లే కొంటారని. ఫ్యాక్టరీని దానికే సిద్ధం చేసుకున్నారు. జనం ఎగబడ్డది కూపేల మీద! పైగా లైను మీద ముందు భాగాన్ని తెచ్చి బాడీకి కలపబోతే అతకలేదు. షోరూముల్లో కొనేవాళ్ళు వరసలో ఉన్నారు, ఫ్యాక్టరీలో బిగించని కార్లు వరసలో ఉన్నాయి. అవి సర్దుకునేసరికి ఫోర్డ్, షెవర్లే ఒకదాని మీద ఒకటి పోటీకి దిగి డీలర్లకు కార్లు కుమ్మరించాయి. ఏనుగుల పోట్లాటలో నలిగింది చిన్న కంపెనీలే.

1954 ఆగస్టులో సౌత్‌బెండ్ కార్మికులు ఒక పని చేశారు. కంపెనీ బతకాలంటే జీతాలు తగ్గాలని యాజమాన్యం అంది. మొదట కాదన్న కార్మికులు మళ్ళీ ఓటు వేసి ఒప్పుకున్నారు. తమ జీతం కోతకు తామే ఓటు వేసుకున్నారు. పదేళ్ళ తర్వాత ఆ త్యాగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1954 అక్టోబరులో ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ స్టూడ్‌బేకర్‌ను కొనేసింది. ప్యాకార్డ్ కొన్నది పూర్తిగా లెక్క చూసుకోకుండా. ఏడాదికి 1,65,000 కార్లు అమ్మితే ఖర్చులు గిట్టుతాయనుకున్నారు. పెళ్ళయ్యాక పుస్తకాలు తెరిచి చూస్తే ఆ అంకె 2,82,000. రెండేళ్ళలో ప్యాకార్డే చితికిపోయింది. 1956లో దాని డెట్రాయిట్ ఫ్యాక్టరీ మూతపడింది. కొనుక్కున్నవాడు పోయి, అమ్ముడుపోయినవాడు మిగిలాడు.

1959లో లార్క్ అనే పొట్టి కారు ఒక్కసారి ఊపిరి పోసింది. పాత బాడీనే ముందూ వెనకా కత్తిరించి కొత్త మొహం పెట్టారు. పెద్ద కంపెనీల దగ్గర అప్పటికి చిన్న కారు లేదు కాబట్టి బాగా అమ్ముడుపోయింది. ఆ ఏడాది లాభం 2 కోట్ల 85 లక్షల డాలర్లు. మరుసటి ఏడాదికే ఫోర్డ్, షెవర్లే, క్రిస్లర్ మూడూ చిన్న కార్లు దింపాయి. లార్క్ ముచ్చట తీరిపోయింది. చేతికొచ్చిన డబ్బును బోర్డు వేరే వ్యాపారాల్లోకి మళ్ళించింది: ఇంజన్ ఆయిల్‌లో కలిపే ఎస్‌.టి.పి., ట్రాక్టర్లు, జనరేటర్లు. కార్ల మీద వాళ్ళకు మనసు విరిగిపోయిందని దాన్నిబట్టే తెలుస్తుంది.

అప్పుడు 1961 ఫిబ్రవరిలో షెర్‌వుడ్ ఎగ్‌బర్ట్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఆరడుగుల పైన నాలుగంగుళాల మనిషి, రంపాలు చేసే కంపెనీ నుంచి వచ్చాడు. కార్లు కొత్త. వచ్చిన కొన్ని వారాలకే లోవీని పిలిపించి నాకో స్పోర్ట్స్ కారు కావాలి, అదీ వెంటనే అన్నాడు. లోవీ కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో ఎడారి ఇంట్లో ముగ్గురు డిజైనర్లను కూర్చోబెట్టాడు. కొన్ని వారాలు రాత్రింబవళ్ళు గీసి, మట్టితో మోడల్ చేశారు. ముందు జాలీ లేదు, గాజు సీసా నడుములా నొక్కుకుపోయిన పక్కలు, ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు. పేరు అవాంతి. 1962 ఏప్రిల్‌లో బయట పెడితే చూసినవాళ్ళు నోరు తెరిచారు. బోన్‌విల్ ఉప్పు మైదానంలో రికార్డులు బద్దలు కొట్టింది. జేమ్స్ బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ ఒకటి కొనుక్కున్నాడు.

కాని మళ్ళీ అదే జబ్బు. ఒహాయోలోని కంపెనీ పంపిన ఫైబర్‌గ్లాస్ ముక్కలు ఒకదానికొకటి అతకలేదు. నెలల తరబడి కార్లు బయటికి రాలేదు. బుక్ చేసుకున్నవాళ్ళు విసిగి వేరేవి కొనుక్కున్నారు. మొత్తం మీద 5,000 కూడా చేయలేకపోయారు. ఈ మధ్యలో ఎగ్‌బర్ట్‌ను క్యాన్సర్ పట్టుకుంది. ఆపరేషన్ల మధ్య ఆఫీసుకు వస్తూ పోతూ గడిపాడు. 1963 నవంబరులో అతను కుర్చీ దిగాడు. అతని స్థానంలోకి బైయర్స్ బర్లింగేమ్ అనే లెక్కల మనిషి వచ్చాడు. రెండు వారాల్లో డిసెంబరు 9 వచ్చింది.

డిసెంబరు 20న సౌత్‌బెండ్ లైను మీద ఆఖరి కారు దిగింది. కెనడాలోని హామిల్టన్ ఫ్యాక్టరీలో ఇంకో రెండేళ్ళు చిన్న ఎత్తున నడిపి, 1966 మార్చిలో అదీ ఆపేశారు. కంపెనీకి మాత్రం నష్టం లేదు. ఎస్‌.టి.పి. ఉంది, జనరేటర్లు ఉన్నాయి. కార్లు వదిలించుకున్న స్టూడ్‌బేకర్ లాభాల్లోనే నడిచి, 1967లో మరో కంపెనీలో కలిసింది.

ఇప్పుడు మన 52 ఏళ్ళ మనిషి దగ్గరికి వద్దాం. 1964లో కంపెనీ, యూనియన్ కూర్చుని పింఛను పథకాన్ని రద్దు చేశాయి. నిధిలో ఉన్నది 2 కోట్ల 40 లక్షల డాలర్లు. మొదటి వంతు రిటైరైనవాళ్ళకు, అరవై నిండినవాళ్ళకు. సుమారు 3,600 మంది. వాళ్ళకు ఇస్తామన్నది పూర్తిగా ఇచ్చారు. దానికే 2 కోట్ల 15 లక్షలు అయిపోయాయి. తర్వాతి వంతు నలభై నుంచి యాభై తొమ్మిది మధ్య వయసుండి, పదేళ్ళ సర్వీసు దాటినవాళ్ళకు. వాళ్ళు నాలుగు వేల మంది, మిగిలింది పాతిక లక్షల లోపు. రావలసిన దాంట్లో నూటికి పదిహేను వంతులు చేతిలో పెట్టి సరి అన్నారు. సగటున మనిషికి 600 డాలర్లు. నెలనెలా కాదు. ఒక్కసారి, అంతే. నలభై నిండనివాళ్ళకు, పదేళ్ళు పూర్తికానివాళ్ళకు సున్నా.

59 ఏళ్ళ 11 నెలలవాడికి పదిహేను వంతులు, అరవై నిండిన పక్కింటివాడికి నూటికి నూరు. ఒకే షాపు, ఒకే పని. ఇరవై మూడేళ్ళకు 600 డాలర్లంటే ఏడాదికి పాతిక డాలర్ల పైచిలుకు. ఇందులో ఎవరూ చట్టం అతిక్రమించలేదు. డబ్బు ఎవరూ కాజేయలేదు. అప్పటి చట్టం ప్రకారం అంతా సక్రమమే. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అందుకే. 1930లో ఎర్‌స్కిన్ లేని లాభాన్ని వాటాదార్లకు పంచాడు, 1950 తర్వాతివాళ్ళు లేని నిధిని కార్మికులకు పంచారు. రెండూ ఒకటే రకం దానం. కాకపోతే వాటాదార్లకు ముట్టింది చేతి డబ్బు, కార్మికులకు ముట్టింది మాట.

దేశంలో అప్పటికే చాలా పింఛను పథకాలు మునిగాయి, కాని చాలావరకు చిన్నవి. ఇంత పెద్ద పేరున్న కంపెనీ, ఇన్ని వేల మంది ఒకేసారి అనేసరికి వాషింగ్టన్ ఉలిక్కిపడింది. ఇండియానా సెనేటర్ వాన్స్ హార్ట్‌కీ 1964లోనే పింఛన్లకు బీమా ఉండాలని బిల్లు పెట్టాడు. యూనియన్ స్టూడ్‌బేకర్ పేరు చెప్పుకుంటూ పదేళ్ళు పోరాడింది. న్యూయార్క్ సెనేటర్ జేకబ్ జావిట్స్ పట్టు వదల్లేదు. చివరికి 1974 సెప్టెంబరు 2న, అమెరికన్ కార్మిక దినోత్సవం నాడు, పింఛన్లను కాపాడే ఎరిసా చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. ఆయన పేరు ఫోర్డ్. కార్ల ఫోర్డులతో చుట్టరికం లేదు గాని, స్టూడ్‌బేకర్ కార్మికులకు ఆ పేరు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. పింఛను నిధికి ప్రభుత్వ బీమా వచ్చింది. ఇన్నేళ్ళు పనిచేస్తే ఇంత హక్కు అన్నది చట్టమైంది. అయితే చట్టం వెనక్కి చూడలేదు. సౌత్‌బెండ్ నాలుగు వేల మందికి దాని వల్ల ఒక్క సెంటూ అదనంగా రాలేదు.

అమెరికాలోని ప్రైవేటు కంపెనీల్లో పనిచేస్తున్న మన పిల్లల 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఖాతాలు నడిచేది ఈ చట్టం కిందే. కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్ళు ఆ డబ్బు ముట్టుకోలేరు. కాని ప్రభుత్వ బీమా పాత తరహా పింఛన్లకే, 401(కె)కి లేదు. జీతంలోంచి కట్టింది మొదటి రోజు నుంచీ సొంతమే. కంపెనీ తన వంతుగా వేసింది పూర్తిగా సొంతం కావడానికి కొన్నిచోట్ల ఆరేళ్ళ దాకా పడుతుంది, దాన్నే వెస్టింగ్ అంటారు. మీవాళ్ళు ఎవరైనా అక్కడ ఉద్యోగం మారుతున్నామని ఫోన్ చేస్తే, వెస్టింగ్ ఎన్నాళ్ళో చూసుకున్నావా అని ఒక్క మాట అడగండి.